కుళ్ళాయప్ప పెట్టిన గడువు

మా కుళ్ళాయప్పకు ఒక జబ్బుంది. కరెంటు రాగానే మోటారు వేయనివ్వడు. ఇరవై ఏళ్లు పెనుకొండ చుట్టుపక్కల బోరు స్టార్టర్లు బాగు చేసిన మనిషి కదా! కరెంటు కుదురుకునేదాకా ఆగకపోతే మోటారు కాలుతుందని ఆయన నమ్మకం. ఎవరైనా తొందరపడితే కసురుతాడు. ఆ జాగ్రత్తే సోమందేపల్లె చిక్కీ ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

అక్కడికి కొత్త ప్యాకింగ్ యంత్రం వచ్చింది. చిక్కీ చుట్టే కాగితం మీద ప్యాకెట్టుకొక నల్లగీత ఉంటుంది. సెన్సర్ ఆ గీతను చూసి, కత్తిని నడిపే కంట్రోలర్‌కు చెప్పాలి, కత్తి సరిగ్గా అక్కడే పడాలి. వైర్లు బిగించిందీ, సెట్టింగులు పెట్టిందీ కుళ్ళాయప్పే. మెల్లగా తిప్పితే కోత భేషుగ్గా ఉంది. వేగం పెంచితే మాత్రం కత్తి గీత దాటి, పక్క ప్యాకెట్టు మీది అక్షరాలను నరికేది.

"సాయంత్రం దాంకా చూస్తానప్పా," అన్నాడు యజమాని లక్ష్మీపతి. "కాలేదంటే బెంగుళూరు నుంచి మనిషిని పిలిపిస్తా. నువ్వు మళ్లా బోర్లు చూసుకోపో."

ఆ యంత్రమంటే కుళ్ళాయప్పకు అప్పటికే ప్రాణం.

వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాడు. మోటారు కరెంటు సెన్సర్ కబురును చెడగొట్టకుండా రెండు వైర్లూ దూరంగానే ఉన్నాయి, అందులో తప్పు లేదు. యంత్రం నడిపే ఈశ్వరి అంతా చూస్తూ నిలబడింది.

"అన్నా, వేగం పెంచేకొద్దీ కత్తి ఇంకా దూరం పోతాండాది. దానికి కబురు ఆలస్యంగా అందుతాండాదేమో?" అంది.

కుళ్ళాయప్ప నాలుక కరుచుకున్నాడు. సెన్సర్ చెప్పింది వెంటనే నమ్మవద్దని, పది మిల్లీసెకన్లు ఆగి చూడమని కంట్రోలర్‌లో గడువు పెట్టింది తనే! బోరు బుద్ధి ఎక్కడికి పోతుంది? రెప్పపాటులో వంద కబుర్లు అందుకునే ఇన్‌పుట్‌కు తన చేతులతోనే సంకెళ్లు వేశాడు. అది ఆగి చూసేలోపు కాగితం ముందుకు జారిపోతోంది.

గడువును సెకనులో లక్షో వంతుకు దించి, పూర్తి వేగంతో తిప్పాడు. ప్యాకెట్లు జలజలా రాలాయి. ఒక్క అక్షరం తెగలేదు. లక్ష్మీపతి ఒకటి చింపి చిక్కీ నోట్లో వేసుకుని, "బెంగుళూరోడు ఎందుకులేప్పా," అన్నాడు. కుళ్ళాయప్ప సంతోషం పట్టలేక ఈశ్వరికి దండం పెట్టాడు.

ఆ సాయంత్రం చేను దగ్గర కరెంటు వచ్చింది. ఆయన భార్య హనుమక్క స్టార్టర్ మీట వైపు చేయి చాపింది.

"ఉండుమే!" అని కసిరాడు. "ఆడ ఆగకూడదు. ఈడ ఆగల్ల."

హనుమక్క నవ్వి చేయి వెనక్కి తీసుకుంది. కుళ్ళాయప్ప తీరిగ్గా పది దాకా లెక్కపెట్టి, తనే మీట నొక్కాడు.