చింపేసిన తీర్మానం

కొనకనమిట్ల రైతు వెంకటసుబ్బయ్య తాలూకా రాజభక్త సంఘానికి ఊరూరా తిరిగే ప్రచారకుడు. తెల్లదొరల పాలనే చల్లనిదని నమ్మే భూస్వాముల సంఘం అది. ఆయన చదువు నాలుగో తరగతే అయినా జ్ఞాపకం గట్టిది. మార్కాపురం సభలో విన్నది పొల్లుపోకుండా పల్లెల్లో అప్పజెప్పేవాడు.

1938 చివర్లో సంఘం ఒక తీర్మానం చేసింది. జర్మనీ మన సర్కారుతో చేతులు కలిపింది, క్రమశిక్షణ గల దేశం, ఇక యుద్ధం రాదు అని. ఆ రోజుల్లోనే ఊళ్లో కూలి చేసుకుని బతికే యోబు, దీనమ్మల కొడుకు జీవానందం పటాలంలో చేరతానన్నాడు.

"యుద్ధమొస్తే ఎట్ల పెద్దయ్యా?" అని దీనమ్మ వెంకటసుబ్బయ్యను అడిగింది.

"రాదమ్మా. పెద్దోళ్లే తీర్మానం చేసినారు. నాదీ పూచీ."

జీవానందం చేరిపోయాడు.

మరుసటేడు సెప్టెంబరులో యుద్ధం వచ్చిపడింది. సంఘం అధ్యక్షుడు ఆదినారాయణ హడావిడిగా సభ పెట్టాడు.

"జర్మనీ రాక్షస రాజ్యం. మన సంఘం మొదటి నుంచీ ఇదే చెప్తా ఉంది!"

చప్పట్లు మోగాయి. వెంకటసుబ్బయ్య చుట్టూ చూశాడు. నిరుడు జర్మనీని మెచ్చుకుంటూ చేతులెత్తినవాళ్లే అందరూ. ఒక్క మొహంలోనూ తడబాటు లేదు.

లేచి నిలబడ్డాడు. "అయ్యా, నిరుడు జర్మనీ మనకు నేస్తమని తీర్మానం చేసినాము గదా?"

"ఏ తీర్మానం?" అన్నాడు ఆదినారాయణ.

గుమాస్తా తీర్మానాల పుస్తకం తెరిచి చూపించాడు. ఆ కాగితం లేదు. కుట్టు దగ్గర చింపిన అంచు మాత్రం మిగిలింది.

"కలగన్నావేమో సుబ్బయ్యా. రేపట్నుంచి పల్లెలు తిరిగి పటాలానికి మనుషుల్ని పంపు."

సభ నవ్వింది. వెంకటసుబ్బయ్య ఊరికి తిరిగొచ్చి నేరుగా యోబు గుడిసెకు నడిచాడు.

"నేను చెప్పింది అబద్ధమైపోయింది దీనమ్మా."

 యోబు అందుకున్నాడు: "మావోడు మలయాకు ఓడెక్కినాడంట. నిన్ననే జాబొచ్చింది. పూచీ అంటివే!"

వెంకటసుబ్బయ్య మళ్లీ సంఘం గడప తొక్కలేదు. నిరుడు తిరిగిన ప్రతి పల్లెకూ వెళ్లి, తాను చెప్పింది తప్పని ఒప్పుకున్నాడు. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. 1942లో మలయా జపాను చేతికి పోయాక జీవానందం జాబులు ఆగిపోయాయి. ఎవరిని అడిగినా సంగతి తెలియలేదు.

జపాను వాళ్ల చెర నుంచి బయటపడి, వస్తున్నానని ముందుగా జాబు రాసి, 1946లో దొనకొండ స్టేషన్లో జీవానందం దిగాడు. ఎముకల గూడులా ఉన్నాడు. దీనమ్మ గుర్తుపట్టలేక పక్కనుంచే దాటిపోయింది. ఆమె వెంట వచ్చిన వెంకటసుబ్బయ్య అతన్ని గుర్తుపట్టి అక్కడే ఆగిపోయాడు.

జీవానందమే ఆయన దగ్గరికి వచ్చాడు. "ఏంది పెద్దయ్యా, అట్ల చిక్కిపోయినావు?" అన్నాడు.