జరోవిన్ అనే ఊరు లేదన్నాను

తొమ్మిదేళ్లుగా ఒక చిన్న వాక్యాన్ని మోస్తున్నాను. "రికార్డు లేదు, మేడమ్" అన్నాను ఒకామెతో. అంటున్నప్పుడు రికార్డు ఉందని నాకు తెలుసు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. బహుశా అందుకే ఇది మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. పాత పత్రాలను భద్రపరిచే ఒక సంస్థ మాకు ఒక ప్రాజెక్టు అప్పగించింది. దాదాపు ఎనభై ఏళ్ల కిందట ఐరోపాలో యుద్ధం జరుగుతున్న కాలంలో ఒక నియంత పొరుగు దేశపు భూభాగాన్ని తన రాజ్యంలో కలిపేసుకున్నాడు. అక్కడి ఒక జిల్లా కార్యాలయం రాసుకున్న రిజిస్టర్లు అవి. ఏ ఇంటి నుంచి ఎవరిని వెళ్లగొట్టారు, ఎక్కడికి పంపారు, ఖాళీ అయిన ఇల్లు ఎవరికిచ్చారు, అన్నీ గళ్లు గీసి, చక్కని దస్తూరితో రాసి ఉండేవి. మొదటి రోజు ఆ దస్తూరిని నేను మెచ్చుకున్నాను. ఈ సంగతి కూడా దాచకూడదు.

ఆ కార్యాలయం మొట్టమొదట చేసిన పని ఊళ్ల పేర్లు మార్చడం. జరోవిన్ అనే పల్లె హెల్డెన్‌ఫెల్ట్ అయింది. అందుకని మా పట్టికలో ప్రతి ఊరికీ రెండు కాలమ్‌లుండేవి, కొత్త పేరుకొకటి, పాత పేరుకొకటి. కొన్నిచోట్ల నాలుగు పల్లెలను కలిపి ఒకే కొత్త పేరు పెట్టారు. మా ప్రోగ్రాం అది ఒప్పుకునేది కాదు. నడిపిన ప్రతిసారీ తెర నిండా ఎర్రటి గుర్తులు.

మా క్లయింట్ అయిన ఆ సంస్థకు చూపించే డెమోకి ముందు రోజు మధ్యాహ్నం మా టీమ్ లీడ్ భాస్కరన్న వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏంది తమ్మీ, ఇంకా ఎర్రగనే ఉంది? మిరపకాయలు ఆరబోసినవా?"

"పాత పేర్లతోనే ప్రాబ్లమ్ అన్నా. వారం టైమిస్తే ఫిక్స్ చేస్తాను."

"వారమా? రేపు పొద్దుగాల డెమో. ఆ కాలమ్ డ్రాప్ చెయ్, అంతా గ్రీన్ అయితది."

"కానీ జనం వెతికేది పాత పేరుతోనే కదన్నా."

"ఎవలు వెతుకుతర్రా? నీ వీసా ఎక్స్‌టెన్షన్‌కి క్లయింట్ లెటర్ కావాల్నా, వద్దా? నువ్వేమన్న ఆ జిల్లాకి కలెక్టర్‌వా?"

నేను నవ్వాను. నవ్వుతూనే కాలమ్ తీసేశాను. తెర పచ్చబడింది. అసలు పట్టిక నా ల్యాప్‌టాప్‌లో మిగిలింది. తప్పును ఆయన మీదికి నెట్టడం లేదు. ఆయన చెప్పాడు, నేను చేశాను. ఆ జిల్లా కార్యాలయంలోని గుమస్తా కూడా ఎవరో చెబితేనే చేసి ఉంటాడు కదా?

నెల తర్వాత ఒక లైబ్రరీ హాలులో ప్రారంభోత్సవం జరిగింది. వచ్చినవాళ్లకు వెతికిపెట్టడానికి మమ్మల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. ఎనభై ఏళ్లు దాటిన ఒకామె మనవరాలి చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తన అక్క హలీనాను ఎక్కడికి తీసుకెళ్లారో తెలిస్తే చాలునంది. ఊరు జరోవిన్.

మా ప్రోగ్రాంలో ఊరి పేరుతోనే వెతకాలి. టైపు చేశాను. ఏమీ రాలేదు. రాదని నాకు తెలుసు. అసలు పట్టిక నా కాళ్ల దగ్గర, సంచిలోని ల్యాప్‌టాప్‌లోనే ఉంది. పది నిమిషాల పని. కానీ క్లయింట్ మేనేజర్ నా వెనకే నిలబడి ఉన్నాడు. నా లెటర్ మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.

"రికార్డు లేదు, మేడమ్."

ఆమె చిన్నగా నవ్వింది. "మా అక్కకు దాక్కోవడం బాగా వచ్చు. మీ మెషీన్‌కి కూడా దొరకలేదన్నమాట." కాసేపు తెర వంకే చూసి, "అయితే మేము ఆ ఊళ్లో ఎప్పుడూ లేమా?" అని అడిగింది.

నేను వరుసలో తర్వాతివాళ్లను పిలిచాను.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్నతో మండలాఫీసుకు వెళితే, గుమస్తా తలెత్తకుండానే "లిస్టులో నీ పేరు లేదు, పో" అనేవాడు. లిస్టును నేనే చదవగలిగే రోజు రావాలని చదువుకున్నాను. వచ్చింది. ఆ గుమస్తాకంటే మర్యాదగా అదే మాట అన్నాను.

ఆ శనివారం అసలు పట్టిక తెరిచాను. జరోవిన్, ఇల్లు పదిహేడు. హలీనా, పద్దెనిమిదేళ్లు. పంపిన చోటు స్పష్టంగా రాసి ఉంది. సందర్శకుల ఫారంలో మనవరాలి ఈమెయిల్ ఉంది. ఎక్స్‌టెన్షన్ వచ్చాక రాద్దామనుకున్నాను. వచ్చింది. రాయలేదు. ఆ తర్వాత దేనికి భయపడ్డానో, భయం పోయాక కూడా ఎందుకు మౌనంగా ఉన్నానో, ఎంత తవ్వుకున్నా నాకు దొరకదు.

రెండు నెలల క్రితం గ్రీన్ కార్డు ఫారం నింపుతున్నాను. జాతి కారణంగా, మతం కారణంగా ఎవరినైనా హింసించడంలో ఎప్పుడైనా పాలుపంచుకున్నారా అని అందులో ఒక ప్రశ్న ఉంది. లేదు అని గుర్తు పెట్టాను. అది నిజమే. కానీ ఆ చిన్న గడి దగ్గర చెయ్యి చాలాసేపు ఆగిపోయింది. ఆ జిల్లా కార్యాలయం జరోవిన్ పేరును ఒకసారి తుడిచేసింది. రెండోసారి తుడిచింది ఎవరు? జరోవిన్ ఒక్కటే కాదు, ఆ జిల్లాలో పాత పేరున్న ప్రతి ఊరూ పోయింది. ఎంతమంది వచ్చి, వెతికి, వెళ్లిపోయారో నాకు తెలియదు.

ఆ వారమే అసలు పట్టికను ఆ సంస్థకు పంపాను, హలీనా ఉన్న పేజీని మనవరాలికి పంపాను. ఇద్దరికీ ఒకే మాట రాశాను, "ఇది దొరికింది" అని. సంస్థ నుంచి ఏ కబురూ లేదు. మనవరాలు మాత్రం మర్నాడే జవాబిచ్చింది. అమ్మమ్మ నాలుగేళ్ల క్రితం పోయిందట. అక్క పేరు ఏ కాగితంలోనూ లేదని, బహుశా అక్కను తానే కల్పించుకుందేమోనని చివరి రోజుల్లో అనేదట. చివర ఇలా రాసింది: "ఇన్నేళ్లూ మా కోసం వెతుకుతూనే ఉన్నందుకు కృతజ్ఞతలు."

ఆ ఉత్తరానికి నేను రాయవలసిన జవాబు రెండు వాక్యాలే. ఆమెకు ఇంకా పంపలేకపోయాను. ముందుగా ఇక్కడ రాస్తున్నాను, కనీసం ఒకచోటైనా ఉండాలని.

నేను వెతకలేదు. అది మొదటి నుంచీ నా దగ్గరే ఉంది.