అమ్మ వేయించిన లేతాకుపచ్చ

ఇళ్లకు రంగులూ పరదాలూ ఎంచిపెట్టడం నా వృత్తి. నన్ను కలిసినవాళ్లు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు: మీకు ప్రేరణ ఎక్కడిది, ఇప్పుడు ఏ ఫేషను నడుస్తోంది? రెండోదానికి జవాబు సులువు. ఏడాదికో రంగు ఊరందరికీ పూనకంలా వస్తుంది, మరుసటేడు దిగిపోతుంది. ఈమధ్య గోడా సోఫా పరదా నేలా అన్నీ ఒకే రంగులో కలిసిపోవాలట. ఏది ఎక్కడ మొదలైందో తెలియకూడదట. అలా అడిగినవాళ్లతో నేను గొడవపడతాను. గోడ అంచుకి వేరే రంగు పట్టీ అయినా వేయించందే వదలను. మొండిదని పేరు కూడా తెచ్చుకున్నాను. మొదటి ప్రశ్నకు మాత్రం నోటికొచ్చిన పుస్తకాల పేర్లు చెప్పి తప్పించుకుంటాను. ఎందుకంటే అసలు జవాబు రాయగడలో మేమున్న ఇంట్లో ఉంది, అది చెప్పడానికి కాస్త తీరిక కావాలి.

మా తాతగారు సంస్థానం కచేరీలో పనిచేశారు, నాన్నగారు సర్కారు ఉద్యోగంలో చేరారు. డెబ్బైల మొదట్లో ఆయనకు కోరాపుట్ నుంచి రాయగడకు బదిలీ అయింది. తాతగారు అప్పటికే లేరు, నానమ్మ మాతోనే వచ్చింది. క్వార్టర్లో గోడలకు తెల్ల సున్నం, ఎర్రటి సిమెంటు నేల. కోరాపుట్ చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ల గోడల అడుగున ఎర్రమట్టి పట్టీ పూస్తారు. నానమ్మకు అది లేని ఇల్లు అసలు ఇల్లే కాదు. నాన్నగారు ఆఫీసు పని మీద టికిరి అనే ఊరికి క్యాంపు వెళ్లినప్పుడు అక్కడి సంత నుంచి ఎర్రమట్టి తెప్పించి, క్వార్టర్లో ప్రతి గోడకూ అడుగున పట్టీ పూయించింది. శుక్రవారం శుక్రవారం అన్ని గడపలకూ పసుపు రాయాల్సిందే. ఆవిడకు రెండు విషయాల్లో పేరు. ఒకటి, ఎవరైనా చెయ్యందించబోతే విదిలించి కొట్టడం. రెండు, అలక. అలిగితే తన గదిలోకి వెళ్లిపోయేది, భోజనం అక్కడికే వెళ్లాలి, నాన్నగారు గుమ్మంలో నిలబడి బతిమాలాలి.

అమ్మకు ఫేషన్ల పిచ్చి. వారపత్రికల్లో గృహాలంకరణ పేజీలు కత్తిరించి దాచుకునేది. ఒకసారి కాగితం మిల్లు కాలనీలో ఒక ఇంజనీరుగారింటికి పేరంటానికి వెళ్లొచ్చింది. ఇక ఆ రోజు నుంచి మా తెల్ల గోడలు ఆవిడ కళ్లకు ఆనలేదు. ఆ ఇంట్లో గోడలు లేతాకుపచ్చ, పరదాలు లేతాకుపచ్చ, తలుపులు కూడా అదేనట. లోపలికి అడుగుపెడితే చల్లటి నీళ్లలో దిగినట్టు ఉందట. అన్నం వడ్డిస్తూ అదే మాట, జడ వేస్తూ అదే మాట. చివరికి నాన్నగారు చేతులెత్తేశారు.

పెయింటరు వచ్చాడు. ముందు గది గోడలకూ నడవకూ లేతాకుపచ్చ డిస్టెంపరు వేశాడు, ఎర్రమట్టి పట్టీ దాని కింద మాయమైంది. ద్వారబంధాలతోపాటు లోపలి గడపలన్నిటికీ అదే ఆకుపచ్చ ఎనామిల్ పూశాడు. నేల మీద ఆకుపచ్చ లినోలియం షీటు పరిచారు. పసుపు గడప ఒక్క వీధి తలుపుకే మిగిలింది. షోకేసు వచ్చింది, అందులో ప్లాస్టిక్ గులాబీలు వచ్చాయి. అమ్మ గది మధ్య నిలబడి కొత్త చీర కట్టుకున్న పిల్లలా చుట్టూ తిరిగి చూసుకుంది. నాకూ తెగ నచ్చింది. నచ్చలేదని ఇప్పుడు గొప్పలు కోస్తే అబద్ధమవుతుంది.

నానమ్మ మాత్రం తన గదిలోకి వెళ్లింది, ఇక ముందు గదిలోకి రాలేదు. ఆవిడ గదికి పెరటివైపు వేరే తలుపు ఉంది. అటువైపు గోడలూ నేలా పాతవే. స్నానానికీ తులసికోటకూ అటునుంచే వెళ్లొచ్చేది. ఇది అలకేనని మాకెవరికీ అనుమానం రాలేదు, ఎర్రమట్టి పట్టీ పోయిందని పంతం పట్టిందనుకున్నాం. నాన్నగారు అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడి బతిమాలారు. నాకు నచ్చలేదు, నేను రాను అందిట. అమ్మ కొంతకాలం ఓర్చుకుంది. ఆ తర్వాత ఆవిడకూ కోపం వచ్చింది. ఇంట్లో ఇద్దరూ మొండివాళ్లే, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. అమ్మ షోకేసు తుడవడం కూడా మానేసింది. వాళ్ల మధ్య నేను మాటలు మోసి మోసి విసిగిపోయాను. కోపం చల్లారేదాకా నానమ్మను పార్వతీపురంలో బాబాయి ఇంట్లో ఉంచుదామని నాన్నగారు అన్నారు. ఆ మాట విన్న నానమ్మ మొహం పాలిపోయింది. బాబాయి ఇల్లు ఆవిడకు బొత్తిగా కొత్త. అదీ అలకలో భాగమే అనుకున్నాం.

ప్రయాణానికి ముందే మార్గశిరం వచ్చింది. మార్గశిర లక్ష్మివారం, అంటే గురువారం, అక్కడ ఒడియావాళ్ల ఇళ్లలోనూ మా ఇళ్లలోనూ పెద్ద పండుగ. బియ్యం నూరిన పిండి నీళ్లలో కలిపి, అందులో పిడికిలి ముంచి నేల మీద అద్ది, వేలి కొనతో కాలివేళ్లు చుక్కలు పెడితే అవి లక్ష్మీదేవి పాదాలు. వీధి గుమ్మం నుంచి పూజ దాకా వేస్తారు, దారిలో ప్రతి గది గుమ్మానికీ ఒక పాయ తీస్తారు. వాటిని తొక్కితే మహాపాపం. చిన్నప్పుడు ఒకసారి తొక్కినందుకు నానమ్మ నా వీపు చిట్లగొట్టింది. అమ్మ కోపంగా ఉన్నా ఆచారం తప్పలేదు, నానమ్మ గుమ్మం దాకా కూడా పాదాలు వేసింది. పీట మీద అమ్మవారిని పెట్టాక, అత్తగారు లేకుండా వ్రతం మొదలుపెట్టడం ఎలాగో తెలియక గట్టిగా గంట కొట్టింది.

నానమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల బాగా వంచి నేలకేసి చూసింది. మెల్లగా ఒక పాదం మీద కాలు వేసింది. తర్వాత ఇంకో పాదం మీద. సరిగ్గా పిండి ముద్రల మీదే అడుగులు వేసుకుంటూ, వాటిని చెరిపేసుకుంటూ నడవంతా నడిచి వస్తోంది.

ఇన్నాళ్ల తర్వాత అమ్మే ముందు నోరు విప్పింది. “అత్తయ్యా, అమ్మోరి పాదాలు తొక్కేస్తన్నారు.”

నానమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. “తొక్కకపోతే ఎలాగొస్తానే అమ్మీ? అవొక్కటే అగుపిస్తన్నాయి.”

అప్పటికి కాని మా బుర్రలకు ఎక్కలేదు. ఆవిడ చూపు ఎప్పట్నుంచో మసకబారుతోంది. తెల్ల గోడ కింద ఎర్ర పట్టీ, ఎర్ర నేల మీద పసుపు గడప, వాటిని బట్టే ఇల్లంతా తిరిగేది. అవన్నీ ఒక్క రంగులో కలిసిపోయేసరికి ఆవిడకు గోడ ఎక్కడో నేల ఎక్కడో తెలియలేదు. ఒకసారి గడప తట్టుకుని పడబోయిందట కూడా. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి, ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆ ఒక్కసారికి నానమ్మ చెయ్యి విదిలించలేదు.

“అలిగినదాన్ని బతిమాలతారమ్మీ,” అంది. “గుడ్డిదాన్ని ఓ మూల కూకోబెడతారు.”

నాన్నగారు ఆవిడను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్లు అది కంటిపొర కాదని, కంటి నరం ఎండిపోయిందని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పి పంపేశారు. ఈ సంగతి గడప దాటకూడదని నానమ్మ మా అందరిచేతా ఒట్టు వేయించుకుంది. పార్వతీపురం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ పెయింటరును పిలవలేదు. తెల్ల ఎనామిల్ డబ్బా తెప్పించుకుని, కొంగు బిగించి, తనే నేల మీద కూర్చుని గోడల అడుగున అరచెయ్యంత పట్టీ లాగింది, గడపలకూ అదే పూసింది. ఎంతో ముచ్చటపడి వేయించుకున్న రంగు మీద వంకరటింకర తెల్ల గీతలు. నానమ్మ కూర్చునే పేము కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరిచింది.

సంక్రాంతి వెళ్లాక మిల్లు కాలనీ ఆడవాళ్లు ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఇంజనీరుగారి భార్య ఆ వంకర పట్టీ వంక చూసి, ఇదేమిటని అడిగింది. నిజం చెబితే ఒట్టు తప్పినట్టు, చెప్పకపోతే చేతకాని పనిలా ఉంది. అమ్మ తడుముకోలేదు. ఇప్పుడు విశాఖపట్నంలో ఇదే ఫేషనని తల ఎగరేసి చెప్పింది. వాళ్లు నిజంగానే నమ్మి వెడల్పెంతో అడిగి తెలుసుకున్నారు.

అందరికీ టీలు ఇచ్చేశాక నానమ్మ తన గదిలోంచి వచ్చింది. ఎవరి సాయమూ లేదు. పట్టీ వెంబడే నడిచి, గడప దాటి, తువ్వాలు వేసిన కుర్చీలో దర్జాగా కూర్చుంది. వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ, అంతదాకా గదిలోంచి విన్న గొంతును బట్టి గుర్తుపట్టి పలకరించింది. ఆవిడకు చూపు లేదని ఎవరూ పసిగట్టలేదు.

“మా కోడలు ఏయించిన రంగు సూసేరా అమ్మా?” అంది వాళ్లతో. “లేత సిగురులా ఎంత బాగుందో.”

అమ్మ చప్పున లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏం తేవాలో అడుగుదామని నేను వెనకాలే వెళ్లాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నన్ను చూసి తలుపు దగ్గరగా వెయ్యమని సైగ చేసింది.