నూలుపురుగు

మా పుంగనూరు వల్లకాట్లో గోతులు తవ్వే గంగులప్పకు గర్వం మెండు. తాను తవ్విన గొయ్యి ఏ వానకూ కుంగలేదనీ, కుప్పం వాళ్లు బస్సు చార్జీలిచ్చి మరీ పిలిపించుకున్నారనీ ఎదురుపడ్డ ప్రతివారికీ చెప్పేవాడు. అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది నూలుపురుగు సంగతి. మా వల్లకాటి నేలలో ఉండే ఆ సన్నటి తెల్లపురుగు ప్రాణమున్న ఒంటి జోలికి పోదు. శవం చల్లబడగానే గోటి సందున దూరి, నరాల వెంట దారాలు అల్లుకుంటుంది. ఎండ తగిలితే ఆ దారాలు ముడుచుకుని, శవం వేళ్లు మెల్లగా మూసుకుంటాయి. బతికుందని జనం గొల్లుమంటే గంగులప్ప గోటి కింది తెల్లపోగు చూపించి, "ఏడవాకండప్పా, ఇది పురుగు పని" అంటూ శవం అరచేతిలో ఉప్పు రుద్దేవాడు. పురుగు చచ్చి వేళ్లు విడిపోయేవి. అలా విడిపించనిదే ఎవరినీ పూడ్చేవాడు కాదు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో అతని భార్య యల్లమ్మ జ్వరంతో పోయింది. గొయ్యి తనే తవ్వి, పాడె పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎండకు ఆమె వేళ్లు అతని బొటనవేలి చుట్టూ బిగుసుకున్నాయి. గోటి కింద తెల్లపోగు అతనికి కనిపిస్తూనే ఉంది. బావమరిది చెంగప్ప ఉప్పు పొట్లం అందిస్తూ, "ఏం బావా, ఉప్పు మర్సినావా? పొద్దు గూకతాండాది" అన్నాడు.

"మర్సలేదురా. బతికుండంగా నలుగుర్లో ఎన్నడూ నా చెయ్యి పట్టుకోలేదు మీ యక్క. రోంతసేపు ఉండనీ."

పొద్దు వాలాక బొటనవేలిని తనే మెల్లగా లాక్కున్నాడు. ఆమె వేళ్లు మూసుకునే ఉన్నాయి. పొట్లం విప్పకుండానే గంగులప్ప పార అందుకున్నాడు.