పొయ్యి ఎక్కిన పచ్చిపులుసు

మా గుంటూరులో పులుసు అంటే గంటసేపు మరగాలి, దాని వాసన వీధి చివరిదాకా నడిచి వెళ్లాలి. ఆ గర్వంతోనే ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, బోధన్‌లో మా ఆఫీసు స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్లాను. నిజామాబాద్ బస్సుకు ఇంకా కాసేపే ఉంది. నా ఆకలికి మాత్రం చెరుకు లారీ ఒకటి చాలదు.

స్నేహితుడి తల్లి చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయలు నలిపి, ఉప్పు, చిటికెడు చక్కెర కలిపి, పోపు పెట్టి, పెరుగు కోసం పక్కింటికి వెళ్లింది. చూస్తే గిన్నె పొయ్యి పక్కన చల్లగా కూర్చుని ఉంది. పాపం, పెద్దావిడ మరిగించడం మరిచిపోయిందనుకుని, కిరసనాయిలు పొయ్యి వెలిగించి నేనే కుతకుతలాడించాను.

ఆమె తిరిగి వచ్చి గిన్నెలోకి చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది.

"గిదేం పని కొడుకా? పచ్చిపులుసుకు మంట సూపిచ్చినవా?"

"పులుసు మరగాలి కదమ్మా."

"దీన్ని పచ్చిగనే తింటరు. ఓ సాయవ్వా, జర ఇటు రా. గుంటూరు పిలగాడు పచ్చిపులుసు ఉడకబెట్టిండు."

సాయవ్వతో పాటు పక్క వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలతో సహా లేచి వచ్చారు. నా అంచనా ప్రకారం సగం బోధన్ ఆ వంటింట్లో పట్టింది. వాళ్ల నవ్వు ఆగేలోపే ఆమె ఇంకో గిన్నెడు కలిపేసింది. అన్నంలో సగం పోసుకుని, మిగతా సగం దోసిట్లో తాగి, బస్టాండుకు పరుగెత్తాను.

వార్త నాకంటే ముందే చేరింది. కండక్టర్ టికెట్ చింపుతూ అడిగాడు:

"అన్నా, పచ్చిపులుసు ఉడకబెట్టింది నువ్వేనా? జర ఇంజన్‌కు దూరంగ కూసో. ఇంకేం ఉడకబెడ్తవో."