అమ్మమ్మ హస్తవాసి

మా ఫ్రిజ్ పై అరలో, ఇంకే వస్తువుకీ చోటివ్వకుండా, నా మోకాలి కోసం నాలుగు ఐసు సంచులు ఎప్పుడూ గడ్డకట్టి ఉంటాయి. మొన్న ఆదివారం పొద్దున్న ఒక సంచి తీసి కాలిమీద పెట్టుకుని వరండాలో కూర్చున్నానో లేదో, పక్కవాటాలో ఎవరో పసివాడికి ఒళ్లు రుద్దడానికి ఆముదం వెచ్చబెట్టారు. ఆ వాసన ముక్కుకి తగలగానే, రాజాంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పే యాభై రెండేళ్ల మనిషిని కాస్తా, బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో మట్టి అరుగు మీద కాళ్లు చాపుకుని ఏడుస్తున్న ఏడేళ్ల పిల్లాణ్నయిపోయాను.

అమ్మమ్మ ఆముదం కొనేది కాదు. ఎండలు ముదిరే రోజుల్లో గింజల్ని దోరగా వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను పెరట్లో పెద్ద కుండలో నీళ్లు పోసి ఉడికిస్తే, ఘాటు వాసన వీధి చివరికంటా పాకేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, మళ్లీ కాచి, సీసాల్లో పోసి ఉట్టి మీద దాచేది. ఆ నూనెకీ, ఆమె చేతికీ చుట్టుపక్కల పెద్ద పేరు. మెడ పట్టేసినవాళ్లు, ఊడ్పుల్లో నడుం పట్టేసిన ఆడవాళ్లు, కాలు బెణికిన పిల్లలు వచ్చి ఆ అరుగు మీద కూర్చునేవారు. "ఈయమ్మ హస్తవాసి మంచిది" అనుకుంటూ వెళ్లేవారు.

నా నెత్తురు గడ్డకట్టదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ జబ్బుని హిమోఫిలియా అంటారనీ, పెద్ద దెబ్బ తగలకపోయినా కీళ్ల లోపల నెత్తురు కారుతుందనీ చెప్పిన నాథుడు లేడు. పాలపన్ను ఊడితే రెండు రోజులు నోరంతా ఎర్రగా ఉండేది. "పల్చని నెత్తురు" అని సరిపెట్టుకునేవారు. నా ఈడు పిల్లలు కళ్లంలో కర్రాబిళ్ల ఆడుతుంటే, ముంజెలు తినేసిన తాటికాయలకి పుల్ల గుచ్చి బళ్లు తోలుతుంటే, నేనూ వాళ్ల వెనకే పరిగెత్తేవాణ్ని. సాయంత్రానికి మోకాలు తాటికాయంత అయ్యేది.

నరం తప్పిందనుకునేది అమ్మమ్మ. ముందు వేడి ఉప్పు మూటతో కాపడం, ఆపైన గోరువెచ్చని ఆముదం పోసి బొటనవేళ్లతో నొక్కి నొక్కి రుద్దడం. నేను ఊరు లేచిపోయేలా అరిచేవాణ్ని. ఆమె కళ్లవెంటా నీళ్లు కారేవి, చెయ్యి మాత్రం ఆగేది కాదు.

"ఓర్సుకో నాయినా, ఓర్సుకో. నొప్పి ఎక్కడుంటాదో రోగం అక్కడే ఉంటాది. రుద్దితే దిగిపోతాది."

చిత్రమేమిటంటే, పది పన్నెండు రోజులకి వాపు నిజంగానే దిగేది. దానంతటదే దిగుతోందని మాకేం తెలుసు? పేరంతా అమ్మమ్మ చేతికి దక్కేది. నేను మళ్లీ నడిచిన రోజు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసేది. మిగతా పిల్లలకి నాగులచవితికి తప్ప దొరకని చిమ్మిలి నాకు ఏడాదిలో నాలుగైదుసార్లు దొరికేది. ఆ రుచి కోసం నొప్పిని కూడా మరిచిపోయేవాణ్ని.

నా ఇరవయ్యో ఏట పన్ను పీకించుకుంటే నాలుగు రోజులు నెత్తురు ఆగలేదు. విశాఖపట్నం తీసుకెళ్తే, పరీక్షలు చేసిన డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. వంకరపోయిన నా మోకాలు చూసి సంగతంతా అడిగాడు. "లోపల నెత్తురు కారుతుంటే కాపడం పెట్టి రుద్దారా? ఇంక కీలు మిగుల్తుందా?" అన్నాడు. ఇకమీద వాస్తే ఐసు పెట్టుకోమని చెప్పి, మందుల చీటీ రాస్తూ మరో మాట కూడా అన్నాడు: "రుద్దకపోయినా చాలావరకు ఇలాగే అయ్యేదిలే. మందు దొరకని రోజుల్లో పెరిగావు."

ఆ రెండు మాటల్లో నేను ఇంటికి తీసుకెళ్లింది మొదటిది ఒక్కటే.

నేను అరుగు ఎక్కేసరికి అమ్మమ్మ ఆముదం గిన్నెతో ఎదురొచ్చింది. "ముట్టుకోకు! నీ సేతుల్తోనే నా కాలు పాడు సేసీసినావు" అని అరిచాను. ఆమె గిన్నె వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది.

"నాకేటి తెలుసు బాబూ" అంది.

అంతే. కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు ఒకావిడ కాలు బెణికిన కూతుర్ని తీసుకొస్తే, "నా సెయ్యి మంచిది కాదమ్మ, తీసుకెళ్లిపో" అని పంపేసింది. మరి ఎవరినీ ముట్టుకోలేదు. ఆ వేసవిలో గింజలు వేయించలేదు. ఉట్టి మీది సీసాలకి దుమ్ము పట్టింది.

తర్వాత నాలుగేళ్లు బతికింది. డాక్టరు అన్న రెండో మాట చెప్పడానికి మొదట్లో నాకు కోపం అడ్డొచ్చింది, తర్వాత సిగ్గు, ఆ తర్వాత రేపు చెబుదాంలే అన్న బద్ధకం. ఆమె మంచం పట్టినప్పుడు పక్కనే కూర్చున్నాను, వాచిన కాలు చాపుకుని. అలవాటుగా చెయ్యి చాపింది. అంగుళం దూరంలో ఆపేసి వెనక్కి తీసుకుంది.

"ఐసు ఎట్టుకున్నావా బాబూ?" అని అడిగింది.

పెట్టుకున్నానన్నాను. చెప్పవలసిన మాట అప్పుడైనా చెప్పలేదు. అంతటి పిరికివాణ్ని.

ఇప్పుడు ఆస్పత్రిలో గడ్డకట్టించే ఇంజెక్షను దొరుకుతోంది. ఆ అరుగు లేదు, సిమెంటు మెట్లు వచ్చాయి. ఆముదం కాచేవాళ్లు లేరు, సీసాలో కొంటున్నారు. హస్తవాసి అన్న మాట మా కాలేజీ పిల్లలకి అర్థం చెబితే గాని తెలియడం లేదు.

ఐసు కరిగి పంచె తడిసింది. పక్కవాటాలో పసివాడు ఏడుపు ఆపి నవ్వుతున్నాడు. "నీ సెయ్యి మంచిదే అమ్మమ్మా" అన్నాను, పైకే. వినవలసిన మనిషి పోయి ఇరవై ఎనిమిదేళ్లయింది.