తీగ చుట్టిన లివరు

నిన్న ఉదయం మా వీధిలో ఒక ట్రాక్టరు ఆగింది. వెనుక తగిలించిన యంత్రాన్ని తిప్పబోయి, డ్రైవరు క్లచ్చి సరిగా తొక్కకుండానే లివరు తోశాడు. లోపల ఇనుప పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకోలేక కరకరమని గీసుకున్నాయి. అతడు మళ్ళీ తోశాడు, మళ్ళీ తోశాడు. నేను గేటు దాకా వెళ్ళి ఆపమన్నాను. ముసలివాడికి చప్పుడు పడలేదనుకున్నాడు కాబోలు, ఆపాడు. లోపలికి వచ్చి కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. ఆ చప్పుడును అర్థంతో సహా నాకు నేర్పినవాడు యేసురత్నం మేస్త్రి. ఆయనను గురించి అధికారికంగా కాగితం మీద మిగిలిన ఒకే ఒక్క మాట అబద్ధం. అది రాసినవాణ్ణి నేను గనుక, నిజం రాయవలసిన బాధ్యత కూడా నాదే.

పందొమ్మిది వందల యాభైలలో చోడవరం రైతులు కొందరు సంఘంగా ఏర్పడి ఒక చిన్న ట్రాక్టరు తెచ్చుకున్నారు. దున్నడానికంటే చెరుకు ఆడడానికే దాన్ని ఎక్కువగా వాడేవారు. ఇంజను బలాన్ని వెనుకకు అందించే ఇరుసు ఒకటి దానికి ఉంటుంది. పుస్తకంలో దాని పేరు పి.టి.ఓ. మా వాళ్ళు తోక షాఫ్టు అనేవారు. దానికి కప్పీ బిగించి, బెల్టు వేస్తే చెరుకు గానుగ తిరిగేది. ఎడమవైపు ఉన్న చిన్న లివరు ముందుకు తోస్తే షాఫ్టు తిరుగుతుంది, వెనక్కి లాగితే ఆగుతుంది. నేను ఆ సంఘానికి గుమస్తాను. ట్రాక్టరు ఎక్కడికి వెళ్ళింది, ఏమి చెడింది, ఎవరు బాగుచేశారు అన్నవి లాగుబుక్కులో రాయడం నా పని. రత్నం మేస్త్రి యుద్ధకాలంలో మిలిటరీ బళ్ళు బాగుచేసి వచ్చినవాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తప్ప ఆయన బట్టలన్నిటికీ నూనె మరకలుండేవి.

నేను చేరిన కొత్తలో ఆయన విప్పిన భాగాలు చూసి, చెడినదేదో అడిగి, సాయంత్రం తీరికగా రాసేవాణ్ణి. మూడో రోజున ఆయన పుస్తకం తెప్పించి నా చేతికిచ్చాడు. బోల్టు మీద పానా పెట్టి, తిప్పకుండా ఆగాడు. "విప్పకముందు రాయి బాబూ. విప్పేక రాస్తే సూసింది రాయం, అనుకున్నది రాస్తాం," అన్నాడు. అప్పటినుంచి ఇంజను చప్పుడు ఎలా ఉంది, నూనె ఎక్కడ కారింది, లివరు ఎంతవరకు కదిలింది, అన్నీ రాసి చదివి వినిపిస్తే గాని ఆయన పానా తిప్పేవాడు కాదు. నేను బడిలో నేర్చుకున్న రాత వేరు, ఆ షెడ్డులో నేర్చుకున్న రాత వేరు.

గానుగ పనివాళ్ళకు కూడా ఆయన ఒక పాఠం పెట్టాడు. సీజనుకు ముందు అందరినీ వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత లివరు వెనక్కి లాగించాడు. చెరుకు పెట్టే పైడమ్మ, ఆమె భర్త నూకరాజు దేవరాపల్లి వైపు నుంచి వచ్చి మా గానుగ దగ్గర కుదిరినవాళ్ళు. నూకరాజు వంతు వచ్చినప్పుడు పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంట్లో నీళ్ళకుండ దించనివాడు ట్రాక్టరు ఆపుతాడట అంది. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు గాని, నూకరాజు చేత మూడుసార్లు లాగించాడు. "డ్రైవరు సీట్లో ఉంటే క్లచ్చి తొక్కుతాడు. లేకపోతే మీకున్నది ఇదొక్కటే. సెయ్యి పోయిందనుకో, కేకలెయ్యకు. వొచ్చి ఇది లాగు," అన్నాడు.

ఆ యేడు బెల్లం వండే మొదటి పెనానికి ముహూర్తం పెట్టి, గానుగ తిప్పి చూడకుండానే పొయ్యి వెలిగించారు. మొదటి పొయ్యి అంటుకున్నాక ఆ పెనం బెల్లం దిగేదాకా ఆర్పకూడదన్నది మా వైపు రైతుల పట్టింపు. ఆర్పితే ఆ సీజనంతా పాకం కుదరదని నమ్మకం. ముందురోజు ఎద్దుల గానుగ మీద ఆడించిన రసం అడుగున మరుగుతోంది. మిగతా రసం పడకపోతే అదంతా మాడిపోతుంది. సరిగ్గా అప్పుడే తోక షాఫ్టు పట్టుకోలేదు. లివరు తోస్తే కరకర, వదిలితే నిశ్శబ్దం.

మేస్త్రి నాచేత రాయించి, నూనె దించి, పక్కమూత విప్పాడు. లివరుతో కదిలే ఫోర్కులాంటి చీలికముక్క వంగి ఉంది. దాన్ని కొలిమిలో కాల్చి సరిచేయించాడు. కాని షాఫ్టును పట్టుకునే పళ్ళ చక్రం అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. ఎన్నాళ్ళ నుంచో డ్రైవర్లు క్లచ్చి తొక్కకుండా లివరు తోసిన ఫలితం అది. బిగించి చూస్తే చెరుకు లేనప్పుడు తిరిగింది. చెరుకు పెట్టగానే లివరు దానంతటదే వెనక్కి ఎగిరింది. కొత్త చక్రం విశాఖపట్నం నుంచి తేవాలని, అంతవరకు పొయ్యి ఆర్పమని ఆయన చెప్పాడు.

సంఘం కార్యదర్శి మండిపడ్డాడు. "మా ముహూర్తాల సంగతి నీకేటి తెలుసు రత్నం?" అన్నాడు.

"పొయ్యికి ముహూర్తం ఉంది బాబూ. ఇనుముకి లేదు," అన్నాడు మేస్త్రి.

అని, నా చేతిలోని పుస్తకం తీసుకుని, తన చేత్తోనే రాశాడు: పళ్ళు అరిగినవి, బరువు పెట్టరాదు, లివరు కట్టరాదు. సంతకం చేసి, అరిగిన చక్రం కొలతలు జేబులో పెట్టుకుని, పది గంటల బస్సెక్కాడు.

బస్సు మలుపు తిరిగిందో లేదో, కార్యదర్శి ఇనుపతీగ తెమ్మన్నాడు. డ్రైవరు లివరును ముందుకు తోసి, తీగ మూడు చుట్లు చుట్టి బిగించాడు. పటకారు అందించింది నేను. ఆ పుస్తకం అప్పుడు నా చంకలోనే ఉంది. గానుగ తిరిగింది. రసం కారింది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను.

డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం, చెరుకుతో పాటు పైడమ్మ చేయి రోలర్ల మధ్యకు వెళ్ళింది. నూకరాజు కేకవేయలేదు. పరుగున వచ్చి లివరు పట్టుకున్నాడు. ఒక చేత్తో లాగాడు, రెండు చేతులతో లాగాడు, ట్రాక్టరు చక్రానికి కాలు తన్ని పెట్టి లాగాడు. తీగ తెగలేదు. డ్రైవరు పరుగెత్తుకొచ్చి ఇంజను ఆపేసరికి ఆమె చేయి మోచేతి వరకు మిగల్లేదు.

ఆమెను అనకాపల్లి తీసుకువెళ్ళాక, కార్యదర్శి తీగ విప్పించి, నన్ను గదిలోకి పిలిచాడు. మేస్త్రి రాసిన పేజీని నా ఎదుటే చించాడు. మరమ్మతు పూర్తయింది, వాడవచ్చునని మేస్త్రి చెప్పినాడు అని రాయమన్నాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రాశాను. నా జీవితంలో అంత గుండ్రంగా, అంత పొందికగా నేనెన్నడూ రాయలేదు.

మర్నాడు మేస్త్రి కొత్త చక్రం గోనెపట్టాలో చుట్టుకుని వచ్చాడు. విచారణలో ఆయన ఆ పేజీ మీద వేలు పెట్టి, ఇది గుమస్తాబాబు రాత, నేను రాసిన పేజీ ఏదని అడిగాడు. నేను నేల చూశాను. ఆయనను పని నుంచి తీసేశారు. వడ్డాది దాకా ఏ షెడ్డులోనూ ఆయనకు పని దొరకలేదు.

నెల తరువాత ఆయన ఇంటికి వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని విన్నాడు. నన్ను కూర్చోమనలేదు.

"నాకు తెలిసిందే నాకెందుకు సెప్తన్నావు? నూకరాజుకి సెప్పు. తనకి లివరు లాగడం సేతకాలేదని ఆడు కూడు మానేసేడు," అన్నాడు.

మర్నాడే దేవరాపల్లి దారిన వాళ్ళ ఊరికి నడిచాను. గుడిసె ముందు పైడమ్మ ఒంటిచేత్తో చింతపండు పిక్కలు తీస్తోంది. నూకరాజు లేచి నిలబడి, నేను అడగకుండానే, ఇలా లాగేను బాబూ, మేస్త్రి సెప్పినట్టే లాగేను అంటూ గాలిలో చేతులు వెనక్కి లాగి చూపాడు. నేను తీగ సంగతి చెప్పాను. పటకారు సంగతి చెప్పాను. చించిన పేజీ సంగతి కూడా చెప్పాను. అతడు నన్ను కొడతాడనుకున్నాను, కొట్టలేదు. పైడమ్మ మాత్రం తలెత్తకుండా అంది: "కాయితం మీద రాసీండి. నోటిమాట ఈయన నమ్మడు."

అక్కడే కూర్చుని రెండు ప్రతులు రాసి, రెంటి మీదా సంతకం చేశాను. ఒకటి వాళ్ళకిచ్చాను. రెండోదాని నకలు పై అధికారులకు మూడుసార్లు పంపాను. ఒక్కసారి కూడా జవాబు రాలేదు. సంఘంలో నా ఉద్యోగం పోయింది. మేస్త్రి మీద పడిన మచ్చ చెరగలేదు. కొన్నేళ్ళకు ఆయన ఆ మచ్చతోనే పోయాడు. కార్యదర్శికి మాత్రం శాలువాలు కప్పారు. ఆ సన్మానాల తేదీలు కూడా నా దగ్గరున్నాయి.

ఆ రోజు కాగితం ఇచ్చాక నూకరాజు చదివి వినిపించమన్నాడు. చదివాను. లివరుకు తీగ చుట్టి యుండెను, నూకరాజు మేస్త్రి నేర్పిన విధముగనే లాగెను, అతని దోషము లేదు అన్నచోట నన్ను ఆపి, అది మళ్ళీ సదవండి అన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. నేను చదువుతున్నంతసేపూ అతడి రెండు చేతులూ, ఏదో పట్టుకున్నట్టు, ఒడిలో బిగుసుకునే ఉన్నాయి. ఎన్నోసారి చదివినప్పుడు అవి విడివడ్డాయో నేను లెక్కపెట్టలేదు.